గాల్జీ పోస్టాఫీసు అయితే అడ్రస్ రాసేదెవరు?

ప్రశ్న క్లుప్తంగా: "గాల్జీని కణానికి పోస్టాఫీసు అని ఇంటర్ నుంచీ చదువుతున్నాం. మరి ప్రోటీన్ మీద అడ్రస్ ఎవరు రాస్తారు, ఎవరు చదువుతారు, వెసికిల్‌కి ఎటు పోవాలో ఎలా తెలుస్తుంది, పొరపాటున వేరే చోటికి పోతే ఏమవుతుంది?" అని ఒక బీఎస్సీ స్టూడెంట్ అడిగారు. (గాల్జీ అంటే కణంలో ప్రోటీన్లని సర్ది పంపే పొరల అరల దొంతర, వెసికిల్ అంటే సరుకు మోసే బుల్లి పొర బుడగ.) ఎమ్మెస్సీ పూర్తయినవాళ్ళు కూడా ఈ ప్రశ్న అడగరండి, పోస్టాఫీసు అనగానే అర్థమైపోయిందనుకుని పేజీ తిప్పేస్తారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ముందు సూటిగా జవాబు. ఒక్క లైసోజోమ్ (కణంలో చెత్తని అరిగించే సంచి) కేసు పక్కన పెడితే, అడ్రస్ అంటూ ఎవరూ రాయరు, ఎవరూ చదవరు. కొన్ని ప్రోటీన్లకి ఆ గుర్తు పుట్టుకతోనే ఒంట్లో ఉంటుంది, అంటే జీన్‌లోనే ఉంటుంది, నాలుగైదు అమైనో యాసిడ్ల ముక్క. దాన్ని "చదవడం" అంటే ఒక రిసెప్టర్ (పట్టుకునే ప్రోటీన్) గుంటలో ఆ ముక్క సరిగ్గా కూర్చోవడం, అంతే. ఇంకొన్నిటికి అసలు గుర్తే ఉండదు, మిగతావాటిని ఏరేయగా అవి మిగిలిపోతాయి. ఇక పొరపాట్ల సంగతంటారా, కణం వాటిని ఆపదు, జరగనిచ్చి వెనక్కి తెచ్చుకుంటుంది. నన్నడిగితే సార్టింగ్‌లో సగం పని ఈ వెనక్కి తేవడమే, టెక్స్ట్‌బుక్ బొమ్మల్లో సరిగ్గా కనపడనిది కూడా ఇదే.

పోస్టాఫీసు కన్నా నాకు చాట బాగా నచ్చుతుంది. మా అమ్మమ్మ చాటలో బియ్యం చెరుగుతుంటే ఊక ముందుకి ఎగిరిపోయేది, నూకలు ఒక పక్కకి చేరేవి, రాయి మీద "నేను రాయిని" అని ఎక్కడా రాసుండేది కాదు కదా. బరువు, గాలి, చెయ్యి తిప్పే తీరు, వీటితోనే అన్నీ విడిపోయేవి. కణంలో జరిగేది చాలావరకు ఈ టైపే, కాకపోతే ఇక్కడ ఆకారం, పీహెచ్, పొర మందం పనిచేస్తాయి.

నా గురించి రెండు ముక్కలు, ఎందుకంటే కింద చెప్పేవాటిలో కొన్ని నా చేత్తో చేసినవి. పదకొండేళ్ళు ఈస్ట్ మీద, తర్వాత కొన్నేళ్ళు హీలా కణాల (ల్యాబ్‌లో పెంచే మనిషి కణాలు) మీద సెక్రీషన్ (కణం సరుకుని బయటికి పంపడం) పని చేశా, ఇప్పుడు పాఠాలు చెప్తున్నా.

మొదట ఒక విషయం బుర్రలో పెట్టుకోండి: వెసికిల్ లోపలి భాగం అంటే కణానికి బయటి భాగం కిందే లెక్క. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా బట్టీ పట్టాల్సిందే. ప్రోటీన్ ఒకసారి ఈఆర్ (ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్) లోపలికి దిగిందంటే అది మళ్ళీ సైటోప్లాజమ్‌ని మామూలుగా ముట్టుకోదు. ఈఆర్ పొర ఒక చోట ఉబ్బి, తెగి, బుడగలా విడిపోతుంది, ఆ బుడగ గాల్జీ పొరలో కలుస్తుంది, అక్కడ మళ్ళీ ఇంకో బుడగ, చివరికి అది కణం పైపొరతో కలిసిపోతే లోపల ఉన్న సరుకు బయట పడుతుంది. బుడగ ఎక్కడా పగలదు, పొరలో పొర కలుస్తుంది. సంచిని తిరగేస్తే లోపలి గుడ్డ పైకి వస్తుంది చూడండి, అలాగే వెసికిల్ లోపలివైపు ఉన్న చక్కెర గొలుసులన్నీ కణం బయటివైపుకి తేలతాయి. ప్రోటీన్‌కి అంటించిన చక్కెరలు ఎప్పుడూ కణం బయటివైపే ఎందుకుంటాయి అని పరీక్షల్లో అడుగుతారే, దానికి కారణం ఇదే.

ఇక ఆ లోపలికి దిగడం ఎలా? తయారవుతున్న ప్రోటీన్ మొదట్లో నీళ్ళంటే పడని అమైనో యాసిడ్ల ముక్క ఒకటి వస్తుంది, అది రైబోజోమ్‌లోంచి బయటికి రాగానే ఎస్‌ఆర్‌పీ అనే కణిక పట్టుకుని రైబోజోమ్‌ని మొత్తం ఈఆర్ దగ్గరికి లాక్కెళ్తుంది. గుంటర్ బ్లోబెల్ 1970లలో ఈ సిగ్నల్ ఐడియాని నిలబెట్టాడు, 1999లో నోబెల్ వచ్చింది. లోపలికి దిగాక ఆ ముక్కని కత్తిరించి పారేస్తారు, బస్సెక్కాక టికెట్ చింపినట్టు. దీని గురించి మీ పుస్తకంలో బాగానే ఉంటుంది కాబట్టి నేను ఆగను.

అసలు ప్రోటీన్ ఈ దారిలోనే పోతుందని మొదట చూపించింది జార్జ్ పలాడె బృందం, 1960లలో. గినీ పిగ్ పాంక్రియాస్ ముక్కలకి 3 నిమిషాలు రేడియోధార్మిక ల్యూసిన్ ఇచ్చి, తర్వాత మామూలు ల్యూసిన్ పోసి, కాసేపటికొకసారి ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఆ చుక్కలు ఎక్కడున్నాయో చూశారు. మొదట ఈఆర్, తర్వాత గాల్జీ, రెండు గంటలు కావస్తుండగా గుళికలు. ఆశ్చర్యం ఏంటంటే అప్పటికి గాల్జీ ఉందా లేదా అనే గొడవ సద్దుమణిగి ఎన్నో ఏళ్ళు కాలేదు. కామిల్లో గాల్జీ 1898లో వెండి రంగద్దకంతో గుడ్లగూబ మెదడు కణాల్లో దాన్ని చూశాడు, ఆ తర్వాత యాభై ఏళ్ళు చాలామంది "అది రంగు వల్ల ఏర్పడ్డ మరక" అని కొట్టిపారేశారు.

ఈఆర్ నుంచి గాల్జీకి తీసుకెళ్ళే వెసికిల్ సుమారు 60–80 నానోమీటర్లు. వెంట్రుక మందంలో వెయ్యి దాకా పక్కపక్కన పేర్చొచ్చు. ఇవి వాటంతట అవి ఊరవు, పొర వంగాలంటే బయట నుంచి ఒక చట్రం కావాలి. ఆ చట్రం పేరు కాప్-టూ. సార్1 అనే చిన్న ప్రోటీన్ జీటీపీ (ఏటీపీ లాంటి శక్తి అణువు) పట్టుకుని పొరలో ఒక కొస గుచ్చుతుంది, దాని మీదకి సెక్23-సెక్24 జంట వస్తుంది, ఆ మీద సెక్13-సెక్31 పంజరం. వీటిలో సరుకుని ఎంచేది సెక్24, సరుకు ప్రోటీన్ తోకలో ఉన్న చిన్న ముక్క దాని గుంటలో కూర్చుంటే ఎక్కినట్టు. కానీ గుర్తుంచుకోండి, గుర్తు లేనివి కూడా ఆ చుట్టుపక్కల నీళ్ళతో పాటు ఎంతో కొంత ఎక్కేస్తాయి. పండగప్పుడు పల్లెవెలుగు బస్సులో టికెట్ ఉన్నవాడూ ఎక్కుతాడు, తలుపు దగ్గర నిలబడ్డవాడూ తోపులాటలో లోపలికి వచ్చేస్తాడు.

అలా తోపులాటలో వచ్చేసిన ఈఆర్ సొంత ప్రోటీన్లని ఏం చేస్తారు? ఇక్కడే వెనక్కి తేవడం మొదలు. ఈఆర్‌లో ఉండాల్సిన కరిగే ప్రోటీన్ల చిట్టచివర నాలుగు అమైనో యాసిడ్లు ఉంటాయి, మనలో కే-డీ-ఈ-ఎల్, ఈస్ట్‌లో హెచ్-డీ-ఈ-ఎల్. మన్రో, పెల్హామ్ అనే ఇద్దరు 1987లో దీన్ని బయటపెట్టారు. గాల్జీ కాస్త ఆమ్లంగా ఉంటుంది కాబట్టి అక్కడ రిసెప్టర్ ఆ నాలుగింటినీ పట్టుకుంటుంది, కాప్-వన్ అనే ఇంకో చట్రం ఉన్న వెసికిల్స్‌లో వెనక్కి ఈఆర్‌కి వస్తుంది, ఈఆర్‌లో పీహెచ్ తటస్థం కాబట్టి వదిలేస్తుంది. మళ్ళీ ఖాళీగా గాల్జీకి పోతుంది. ఇంటికి రాని పిల్లల్ని సందు చివర నుంచి చెవి పట్టుకుని తీసుకొచ్చే పెద్దమ్మ టైపన్నమాట.

ఇది నాకు పుస్తకంలో కన్నా ఒక తప్పు వల్ల బాగా ఒంటబట్టింది. మేము ఈస్ట్‌లో కార్2 (ఈఆర్‌లో ప్రోటీన్లని మడిచే పెద్ద చాపరోన్) కి ట్యాగ్ పెట్టాలనుకున్నాం, యాంటీబాడీతో పట్టుకోడానికి. జూనియర్ ఒకబ్బాయి చాలా శ్రద్ధగా ప్రైమర్లు డిజైన్ చేశాడు, నేనూ చూసి ఓకే అన్నా, తప్పు నాదే. ట్యాగ్‌ని ప్రోటీన్ చివర, అంటే హెచ్-డీ-ఈ-ఎల్ తర్వాత అతికించాం. స్ట్రెయిన్ బతికింది, సీక్వెన్స్ కరెక్ట్, అంతా బాగుంది, వెస్టర్న్ (ప్రోటీన్‌ని యాంటీబాడీతో బ్యాండ్‌గా చూసే పరీక్ష) చేస్తే కణాల లేన్‌లో బ్యాండ్ పల్చగా వచ్చింది. ఎక్స్‌ప్రెషన్ తక్కువేమో అని ప్రమోటర్ మార్చాం, ప్రోటీయేస్ తినేస్తుందేమో అని ఇన్హిబిటర్లు పెంచాం, దాదాపు రెండు నెలలు అలాగే పోయాయి. ఒకరోజు ఊరికే పారబోసే మీడియాని (కణాలు పెరిగే ద్రవం) టీసీఏ అనే ఆమ్లంతో అవక్షేపించి జెల్‌లో వేస్తే అక్కడ కూర్చుని ఉంది, ఇంత లావు బ్యాండ్! గుర్తు ప్రోటీన్‌లో ఎక్కడో ఒక చోట ఉంటే చాలదు, చిట్టచివర ఉండాలి, రిసెప్టర్ ఆ తోక కొసనే పట్టుకుంటుంది, దాని తర్వాత మేము తోక పొడిగించేసరికి పట్టు దొరకలేదు, ప్రోటీన్ గాల్జీ దాటి బయటికి పోయింది. ట్యాగ్‌ని నాలుగు అక్షరాల ముందుకి జరిపాక మీడియాలో బ్యాండ్ మాయం. ఇప్పుడు ఎవరు ట్యాగ్ పెడుతున్నా నేను మొదట అడిగేది "చివర్లో ఏముందో చూశావా?" అనే.

ఈ దారినే కలరా టాక్సిన్ కూడా వాడుకుంటుంది తెలుసా. దాని ఒక ముక్క చివర ఇదే కే-డీ-ఈ-ఎల్ ఉంటుంది. పేగు కణంలోకి వచ్చి, గాల్జీ దాకా వెళ్ళి, మన వెనక్కి తెచ్చే బండే ఎక్కి ఈఆర్‌కి చేరి, అక్కడ నుంచి సైటోప్లాజమ్‌లోకి జారుకుంటుంది.

ఇవన్నీ కంటితో చూడాలంటే ఒక పాత, నమ్మకమైన ప్రయోగం ఉంది. వీఎస్‌వీ అనే వైరస్ పైపొర ప్రోటీన్‌లో ఒక మ్యూటెంట్ ఉంది, 40 డిగ్రీల దగ్గర అది సరిగ్గా మడవబడదు కాబట్టి ఈఆర్‌లోనే ఇరుక్కుంటుంది, 32కి దించితే మడతపడి అంతా ఒకేసారి బయల్దేరుతుంది. దానికి జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రోటీన్) తగిలించి కాన్ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెడితే మొదట కణం నిండా పచ్చటి వల, దోమతెర పరిచినట్టు. ఉష్ణోగ్రత దించిన కొద్ది నిమిషాలకి వల మీద చుక్కలు మొలుస్తాయి. ఇరవై నిమిషాలు వచ్చేసరికి చుక్కలన్నీ న్యూక్లియస్ పక్కన ఒక ముద్దగా, అదే గాల్జీ. తర్వాత ఆ ముద్దలోంచి గీతల్లా, చుక్కల్లా విడిపోయి అంచులవైపు పరుగెత్తుతాయి, గంట దాటాక కణం అంచు మెరుస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ప్రయోగం మర్చిపోయి అలా చూస్తూ కూర్చున్నా.

రెండోసారి చేసినప్పుడు మాత్రం గాల్జీ దాకా వచ్చి ఆగిపోయాయి, రెండు గంటలైనా కదల్లేదు. కొత్త విషయం కనిపెట్టానేమో అని రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున మా సార్ వచ్చి స్టేజ్ హీటర్ స్విచ్ చూసి నవ్వారు, నేను దాన్ని ఆన్ చేయడమే మర్చిపోయా, గదిలో ఏసీ చల్లగా ఉంది. సుమారు 20 డిగ్రీల దగ్గర గాల్జీ నుంచి బయటికి పోవడం ఆగిపోతుందని 1983లోనే మాట్లిన్, సైమన్స్ చూపించేశారు. ఇప్పుడు అదే "పొరపాటు"ని కావాలని చేస్తారు, సరుకుని గాల్జీలో పోగేయడానికి.

సరే, నిజంగా అడ్రస్ రాసే కేసు: లైసోజోమ్. ఇక్కడ పోస్టాఫీసు పోలిక కాస్త పనిచేస్తుంది. లైసోజోమ్‌కి వెళ్ళే ఎంజైముల మీద గాల్జీ మొదటి భాగంలో ఫాస్ఫోట్రాన్స్‌ఫరేస్ అనే ఎంజైమ్ మానోజ్ చక్కెరకి ఫాస్ఫేట్ గుర్తు వేస్తుంది, మానోజ్-6-ఫాస్ఫేట్. మరి ఏది లైసోజోమ్ ఎంజైమో దానికెలా తెలుసు? మళ్ళీ ఆకారమే, మడతపడిన ప్రోటీన్ ఉపరితలం మీద కొన్ని లైసిన్లు ఒక పద్ధతిలో అమరి ఉంటాయి. గాల్జీ చివర రిసెప్టర్ ఈ గుర్తుని పట్టుకుని క్లాథ్రిన్ చట్రం ఉన్న వెసికిల్‌లో ఎండోజోమ్‌కి (లైసోజోమ్‌కి ముందు మజిలీ) తీసుకెళ్తుంది, అక్కడ ఆమ్లం ఎక్కువ కాబట్టి సరుకు ఊడిపోతుంది, ఖాళీ రిసెప్టర్ తిరిగి గాల్జీకి. చూశారా, ఇక్కడ కూడా పట్టుకోవడం వదలడం నిర్ణయించేది పీహెచ్చే.

ఆ ఫాస్ఫోట్రాన్స్‌ఫరేస్ పనిచేయని పిల్లలకి ఐ-సెల్ డిసీజ్ వస్తుంది. ఎంజైములన్నీ తయారవుతాయి, కానీ గుర్తు లేక రక్తంలోకి పోతాయి, లైసోజోముల్లో చెత్త పేరుకుపోతుంది. మైక్రోస్కోప్‌లో కణం నిండా కనిపించే ఆ ముద్దల (ఇంక్లూజన్లు) వల్లే దానికా పేరు. మీ చివరి ప్రశ్నకి ("పొరపాటున వేరే చోటికి పోతే?") ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అయితే ఒక మెలిక ఉంది: ఆ పిల్లల కాలేయ కణాల్లో లైసోజోమ్ ఎంజైములు దాదాపు మామూలుగానే ఉంటాయి. అంటే ఈ గుర్తు అవసరం లేని దారి ఇంకొకటి ఉందన్నమాట. పరీక్షలో "లైసోజోమ్ = మానోజ్-6-ఫాస్ఫేట్" అని రాయండి, మార్కులు వస్తాయి, కానీ అదొక్కటే దారి అని నమ్మకండి. ఇంకో లాభం కూడా ఉంది, ఈ రిసెప్టర్లు కొన్ని కణం పైపొర మీద కూడా ఉంటాయి కాబట్టి బయట తిరిగే ఎంజైమ్‌ని లోపలికి లాక్కుంటాయి, పాంపే జబ్బుకి (లైసోజోమ్‌లో గ్లైకోజెన్‌ని విరిచే ఎంజైమ్ లేని జబ్బు) ఎంజైమ్‌ని సెలైన్‌లా నరంలోకి ఎక్కించి వైద్యం చేయగలిగేది ఈ కారణంగానే.

ఇప్పుడు చాట కేసు: ఇన్సులిన్. మన ఇళ్ళల్లో షుగర్ లేని ఇల్లు లేదు కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చెప్తా. ఇన్సులిన్ మొదట 110 అమైనో యాసిడ్ల గొలుసుగా పుడుతుంది. ఈఆర్‌లో దిగగానే ముందున్న 24 కట్ అయిపోతాయి, మిగిలింది 86, ప్రోఇన్సులిన్. మూడు డైసల్ఫైడ్ బంధాలు పడతాయి, గాల్జీకి పోతుంది, అక్కడ నుంచి గుళికలోకి (గ్రాన్యూల్ అంటాం, మామూలు వెసికిల్ కన్నా పెద్దది, 300 నానోమీటర్ల వరకు). గుళికలో పంపులు ప్రోటాన్లని తోడి పోస్తుంటే లోపల పీహెచ్ ఐదున్నర దగ్గరికి దిగుతుంది, అప్పుడు కత్తెర ఎంజైములు పనిలోకి దిగి మధ్యలోని 31 అమైనో యాసిడ్ల ముక్కని విడదీస్తాయి, అదే సి-పెప్టైడ్. మిగిలిన 51 అసలు ఇన్సులిన్. జాయింట్ల దగ్గరి నాలుగు పోతాయి, లెక్క సరిపోయింది కదా.

ఇన్సులిన్ గుళికలోకి ఎలా చేరుతుందనేదాని మీద ఇప్పటికీ వాదన ఉంది. ఎక్కేటప్పుడే ఎంచుతారు అనేది ఒక పక్షం. రెండోది, నాకు నచ్చింది: కొత్తగా పుట్టిన గుళికలోకి కొంత చెత్తా చెదారం కూడా వస్తుంది, లైసోజోమ్ ఎంజైములూ, ఇంకేవో పొర ప్రోటీన్లూ. ఇన్సులిన్ మాత్రం జింక్‌తో ఆరేసి చొప్పున గుంపు కట్టి, ఆ ఆమ్లంలో గట్టిగా స్ఫటికంలా అయిపోతుంది. అప్పుడు ఆ పచ్చి గుళిక మీద నుంచి చిన్న క్లాథ్రిన్ వెసికిల్స్ విడిపోతూ, మానోజ్-6-ఫాస్ఫేట్ రిసెప్టర్లనీ వాటికి అంటుకున్నవాటినీ మోసుకుపోతాయి, స్ఫటికం ఆ బుల్లి బుడగలో పట్టదు కాబట్టి లోపలే ఉండిపోతుంది. ఊక ఎగిరిపోయింది, గింజ మిగిలింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో బీటా కణం (పాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే కణం) గుళిక చూస్తే మధ్యలో నల్లటి గింజ, చుట్టూ తెల్లటి ఖాళీ వలయం కనిపిస్తుంది, ఆ గింజే స్ఫటికం.

ఒక బీటా కణంలో ఇలాంటివి పదివేల దాకా ఉంటాయి, కావాల్సినప్పుడు వదలడానికి. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే కణంలో ఏటీపీ పెరుగుతుంది, ఏటీపీ పెరిగితే ఒక పొటాషియం ఛానల్ మూసుకుంటుంది, పొర వోల్టేజ్ మారుతుంది, కాల్షియం లోపలికి దూకుతుంది, కాల్షియం తగలగానే పైపొర దగ్గర సిద్ధంగా ఉన్న గుళికలు కలిసిపోతాయి. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, అది చేసేది గ్లూకోజ్‌తో పని లేకుండా ఆ పొటాషియం ఛానల్‌ని మూసేయడమే. అందుకే ఆ మాత్ర వేసుకుని అన్నం తినడం మానేస్తే కళ్ళు తిరుగుతాయి, తిండి లేకపోయినా గుళికలు వదులుతూనే ఉంటాయి కదా.

మా అత్తయ్యకి షుగర్ కంట్రోల్ కాకపోతే డాక్టర్ సి-పెప్టైడ్ టెస్ట్ రాశారు, ఆవిడ రిపోర్ట్ నాకు ఫోన్‌లో పంపి "ఒరే, ఇన్సులిన్ ఎంతుందో చూడకుండా ఈ పేరు తెలియనిదేంటో చూశారు, డబ్బులు దండగ" అన్నారు. దండగ కాదు అత్తయ్యా అని పై కథంతా చెప్పా. ఒక ఇన్సులిన్‌కి ఒక సి-పెప్టైడ్ చొప్పున ఒకే గుళికలో ఉంటాయి, ఒకేసారి బయట పడతాయి. ఇన్సులిన్‌లో సగం దాకా కాలేయమే మొదటి చుట్టులో లాగేసుకుంటుంది, సి-పెప్టైడ్‌ని అలా లాక్కోదు, ఎక్కువసేపు తిరుగుతుంది. పైగా ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో సి-పెప్టైడ్ ఉండదు. కాబట్టి సూది వేసుకుంటున్న మనిషిలో కూడా సొంత పాంక్రియాస్ ఎంత వదులుతోందో ఇది చెప్తుంది. "అయితే పొట్టు లెక్కపెట్టి పప్పెంతో చెప్తారన్నమాట" అన్నారు అత్తయ్య. క్లాసులో ఇప్పుడు నేనదే వాడుతున్నా.

వెసికిల్‌కి ఎటు పోవాలో ఎలా తెలుసు అన్నదానికి వద్దాం. మూడు అంచెలు. రాబ్ అనే చిన్న ప్రోటీన్లు (మనలో 60కి పైగా రకాలు) ఏ పొర ఏదో గుర్తుపట్టే జెండాల్లాంటివి. ఆ జెండాని చూసి దూరం నుంచి పట్టుకునే పొడుగు చేతులు కొన్ని, టెథర్లు అంటాం. చివరికి స్నేర్లు, ఇవే పొరల్ని కలిపేది. మధ్యలో దూరం ఎక్కువైతే కైనెసిన్ మోటార్ సూక్ష్మనాళికల మీద 8 నానోమీటర్ల అడుగులు వేస్తూ మోస్తుంది. నడుము దగ్గర నాడీకణం నుంచి పాదం దాకా మీటరు దూరం రావడానికి రోజుకి 200–400 మిల్లీమీటర్ల లెక్కన రెండున్నర నుంచి ఐదు రోజులు.

రెండు పొరలు దగ్గరికొస్తే వాటంతట అవే కలవవు. మధ్యలో నీటి పొర ఉంటుంది, దాన్ని పిండేయాలి. వెసికిల్ మీద ఒక స్నేర్, ఎదుటి పొర మీద వాటి జోళ్ళు, నాలుగు తీగలు ఒకదానికొకటి మెలికపడుతూ బయటి కొస నుంచి పొరవైపు బిగుసుకుంటాయి, ఆ బిగింపుకే పొరలు ఒకదాన్లో ఒకటి కలిసిపోతాయి. నాడీకణంలో ఇదంతా కాల్షియం తగిలిన తర్వాత మిల్లీసెకను లోపే. చాలామంది ఇక్కడ తప్పు రాస్తారు: ఏటీపీ ఖర్చయ్యేది కలిసేటప్పుడు కాదు, కలిశాక ఆ మెలికని విప్పి స్నేర్లని మళ్ళీ వాడుకోడానికి సిద్ధం చేసేటప్పుడు. విప్పేది ఎన్‌ఎస్‌ఎఫ్ అనే ఎంజైమ్. ఖర్చంతా వెనక్కి తేవడానికే, మళ్ళీ అదే కథ.

ఎన్‌ఎస్‌ఎఫ్‌ని రాత్‌మన్ బృందం హ్యామ్‌స్టర్ కణాల నుంచి, టెస్ట్ ట్యూబుల్లో గాల్జీని కలిపి కలిపి పట్టుకుంది. అదే సమయంలో షెక్‌మన్, నోవిక్ ఈస్ట్ మీద వేరే దారిలో పోయారు: 24 డిగ్రీల్లో బాగుండి 37లో సెక్రీషన్ ఆగిపోయే మ్యూటెంట్లు. వాటిని ఏరడానికి చేసిన ఉపాయం నాకు భలే ఇష్టం. సరుకు బయటికి పోక, పైపొర పెరగక, లోపల మాత్రం తయారీ సాగుతుంటే కణం బరువెక్కుతుంది కదా, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగుకి దిగినవాటిని తీసుకున్నారు, అంతే. 1980 నాటికి 23 జీన్లు దొరికాయి. 1989లో చూస్తే ఈస్ట్ సెక్18, హ్యామ్‌స్టర్ ఎన్‌ఎస్‌ఎఫ్ రెండూ ఒకటే. కల్లు కుండలో ఉండే ఈస్టూ మన మెదడూ ఒకే సామానుతో నడుస్తున్నాయన్నమాట. రాత్‌మన్, షెక్‌మన్ ఇద్దరికీ, కాల్షియం తగలడాన్ని పసిగట్టే సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ మీద పని చేసిన స్యూడాఫ్‌కీ కలిపి 2013లో నోబెల్ ఇచ్చారు.

పొరల్ని కలపడానికి స్నేర్లు ఒక్కటే సరిపోతాయా అని తేల్చడానికి కృత్రిమ కొవ్వు బుడగల్లో (లైపోజోములు) వాటిని పెట్టి కలుస్తాయా అని చూస్తారు. ఆ పనికి ముందు ట్యూబులో ఎంత ఫాస్ఫోలిపిడ్ ఉందో కొలవాలి, దానికి మేము చేసే నీలం రంగు పరీక్ష మూలం 1925 నాటి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి. అవును, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. రంగు తేలినప్పుడల్లా ఆయన గుర్తొస్తాడు నాకు.

స్నేర్లు తెగితే ఏమవుతుందో మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు, పేరే వేరు: ధనుర్వాతం. మేకు గుచ్చుకున్న చోట నుంచి టెటనస్ టాక్సిన్ నరం వెంట వెనక్కి వెన్నుపాముకి పాకి, కండరాన్ని సడలించమని చెప్పే కణాల్లో చేరి, వెసికిల్ మీది స్నేర్‌ని (సినాప్టోబ్రెవిన్) ఒకే చోట కత్తిరిస్తుంది. వెసికిల్స్ ఉన్నాయి, సరుకుంది, కలవలేవు, సడలించే కబురు అందదు, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. బొటాక్స్ కూడా అదే జాతి కత్తెర, కాకపోతే కండరాన్ని బిగించమని చెప్పే నరంలో ఎదుటి పొర మీది స్నేర్‌ని కోస్తుంది, అందుకే కండరం వదులైపోతుంది.

రెండు హెచ్చరికలు. ఒకటి, అన్నీ గుండ్రటి బుల్లి వెసికిల్స్‌లోనే పోతాయని అనుకోకండి. కొల్లాజెన్ గొలుసు 300 నానోమీటర్ల గట్టి కర్ర, 80 నానోమీటర్ల బుడగలో ఎలా పడుతుంది? టాంగో1 అనే ప్రోటీన్ (2009లో తేలింది) ఈఆర్ ద్వారం దగ్గర నిలబడి దానికి పెద్ద దారి చేస్తుంది, ఆ దారి పెద్ద వెసికిలా, గొట్టమా అని ఇంకా కొట్టుకుంటున్నారు. రెండు, గాల్జీ అరలు స్థిరంగా ఉండి వెసికిల్స్ సరుకు మోస్తాయని పాత పుస్తకాల్లో ఉంటుంది. 2006లో రెండు బృందాలు ఈస్ట్‌లో ఒక్కో అరని రంగులతో చూస్తూ కూర్చుంటే, అరే ముందు రకం నుంచి వెనక రకంగా మారిపోయింది. అంటే సరుకు అరలోనే ఉండి, అర ముదురుతుంటే, పాత ఎంజైముల్ని మాత్రం వెసికిల్స్ వెనక్కి మోస్తాయి. పోస్టాఫీసే నడుస్తూ పోతుంటే ఉద్యోగులు వెనక్కి వస్తున్నారన్నమాట!

తప్పు చోటికి పోవడానికి ఇంకో ఉదాహరణ అడుగుతారేమో, ఒక్కటి చెప్పి వదిలేస్తా. బ్రౌన్, గోల్డ్‌స్టైన్ చూసిన ఒక పేషెంట్‌లో ఎల్‌డీఎల్ రిసెప్టర్ తోకలో ఒకే ఒక టైరోసిన్ బదులు సిస్టీన్ ఉంది. రిసెప్టర్ తయారైంది, పైపొరకి వచ్చింది, కొలెస్ట్రాల్ కణికని పట్టుకుంది కూడా, కానీ లోపలికి తీసుకునే క్లాథ్రిన్ గుంటల్లో చేరలేకపోయింది. ఒక్క అమైనో యాసిడ్, ఒక్క గుంటలో కూర్చోకపోవడం, దాంతో కొలెస్ట్రాల్ అంతా రక్తంలోనే.

చదువుకునేటప్పుడు ఒక పని చేయండి. మీ పుస్తకంలో ఆ ఈఆర్-గాల్జీ బొమ్మలో బాణాలన్నీ బయటివైపుకే గీసి ఉంటాయి చూడండి. పెన్సిల్ తీసుకుని గాల్జీ నుంచి ఈఆర్‌కి ఒకటి, గాల్జీ వెనక అర నుంచి ముందు అరకి ఒకటి, ఎండోజోమ్ నుంచి గాల్జీకి ఒకటి, పచ్చి గుళిక నుంచి ఎండోజోమ్‌కి ఒకటి, పైపొర నుంచి లోపలికి ఒకటి గీయండి. ఒక్కో బాణం మీద ఏది పట్టుకుని తెస్తుందో, ఎక్కడ వదులుతుందో రాయండి. ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగండి, సెలవుల్లో ఉన్నా, చూసి రాస్తా.